తాళంచెవి సాక్ష్యం: స్వభక్షణ పరిశోధనలో ఒక పరీక్ష కథ



ఈసారి పద్యాలను, ప్రబంధాలను కొంచెం పక్కన ఉంచి, జీవశాస్త్ర ప్రయోగశాలల్లో జరిగే ఒక చిన్న పరీక్ష పుట్టుపూర్వోత్తరాలను చెప్పదలచాను. తెలుగు పండితునికి ప్రయోగశాలతో పనేమిటని కొందరు అడుగవచ్చు. ఏది ప్రమాణం, ఏది ప్రమాణంలాగా కనిపించే ఆభాసం అన్న విచారణ ఎక్కడ జరిగినా, తర్కశాస్త్రం కాస్త చదివినవానికి అక్కడ కూర్చోవడానికి పీట దొరుకుతుంది. పైగా ఈ కథలోని చిక్కు మన నైయాయికులు శతాబ్దాల క్రితమే పేరు పెట్టి చెప్పిన చిక్కే.

ఆ పరీక్ష ఇది. కణంలో వేలాది మాంసకృత్తులు ఉంటాయి. వాటిలో ఒక్కదానిని వెతికి పట్టుకోవడానికి శాస్త్రజ్ఞులు ప్రతిరక్షకాన్ని వాడుతారు. ఆ ప్రతిరక్షకం సరైనదానినే పట్టుకున్నదా, లేక పోలికలున్న మరొకదానిని పట్టుకున్నదా అని సందేహం వస్తుంది. అప్పుడు అసలు మాంసకృత్తులోని చిన్న తునకను కృత్రిమంగా తయారుచేసి, దానిని ముందుగానే ప్రతిరక్షకానికి అందించి, దాని పట్టును నింపివేస్తారు. ఇక అది దేనినీ పట్టుకోలేదు. ఇదివరకు కనిపించిన గుర్తు ఇప్పుడు మాయమైతే, ఆ గుర్తు నిజమైనదేనని నిర్ణయిస్తారు. దీనినే నిరోధక పెప్టైడు పరీక్ష అంటారు. వినడానికి నిర్దుష్టంగా ఉన్నది కదా! ఇది ఎంతవరకు నిర్దుష్టమో తెలియాలంటే దాని వంశవృక్షాన్ని చూడాలి.

తన్ను తాను తినే కణం

ఈ పరీక్ష అన్ని రంగాలలోనూ ఉన్నదే. అయితే నేను స్వభక్షణ పరిశోధనను ఉదాహరణగా తీసుకుంటున్నాను. అక్కడ ప్రతిరక్షకాలు చెప్పే సాక్ష్యం మీదనే చాలా తీర్పులు ఆధారపడి ఉన్నాయి.

బెల్జియం దేశానికి చెందిన క్రిస్టియన్ ద దువ్ లూవాన్ విశ్వవిద్యాలయంలో ఇన్సులిన్ కాలేయంపై ఎలా పనిచేస్తుందో పరిశోధిస్తూ ఉండేవారు. కాలేయ కణాలను నూరి తీసిన ద్రవంలో ఆమ్ల ఫాస్ఫటేజు అనే ఎంజైము ఉండవలసినంత కనిపించలేదు. అదే ద్రవాన్ని కొన్నాళ్ళు శీతల పేటికలో ఉంచి మళ్ళీ కొలిస్తే ఎంజైము బలం పెరిగి ఉన్నది. అంటే అది ఏదో సంచిలో బంధింపబడి ఉండి, ఆ సంచి పొర చిరిగినప్పుడు బయటకు వచ్చిందన్నమాట. ఆ సంచికి 1955లో లైసోజోము అని పేరు పెట్టారు. గ్రీకు భాషలో లైసిస్ అంటే విడగొట్టడం, సోమా అంటే దేహం.

1963 ఫిబ్రవరిలో లండనులో లైసోజోములపై జరిగిన సదస్సులో, కణం తన లోపలి భాగాలనే పొరతో చుట్టి ఈ సంచికి అప్పగించి జీర్ణం చేసుకోవడాన్ని ద దువ్ ఆటోఫజీ అన్నారు. ఆటో అంటే స్వ, ఫాగీన్ అంటే భక్షించడం. కనుక స్వభక్షణ అన్న మన సంస్కృత సమాసం ఆ గ్రీకు మాటకు అక్షరాలా సరిపోతుంది. ఆకలివేళ కణం తన ఇంటిలోని పాత సామాను కరిగించి పూట గడుపుకుంటుంది. చెడిపోయిన భాగాలను కూడా ఇలాగే వదిలించుకుంటుంది.

పేరు వచ్చినా, ఈ క్రియను నడిపే జన్యువులు ఏవో మూడు దశాబ్దాల దాకా తెలియలేదు. జపాను శాస్త్రజ్ఞుడు యోషినోరి ఓసుమి టోక్యో విశ్వవిద్యాలయంలో 1988లో సొంత ప్రయోగశాల ప్రారంభించి, ఈస్టు కణాలను సూక్ష్మదర్శినిలో చూడసాగారు. జీర్ణం చేసే ఎంజైములు లేని ఈస్టును పస్తు పెడితే, దాని రిక్తికలో అరగని గుళికలు పేరుకొనడం ఆయనకు కనిపించింది. తినడం జరుగుతున్నది, అరగడం జరగడం లేదు. ఈ పరిశీలన 1992లో వెలువడింది. ఈ గుళికలు ఏర్పడని లోపరకాలను ఏరి, 1993లో 15 జన్యువుల జాడ చూపారు. ఈ కృషికే 2016లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది.

పట్టే గుణం, పట్టును నింపే యుక్తి

ఇప్పుడు కథలో రెండవ పాయ. 1890లో బెర్లినులో ఎమిల్ ఫాన్ బేరింగ్, షిబాసబురో కిటసాటో ధనుర్వాత విషానికి అలవాటుపడిన జంతువు రక్తరసిలో ఆ విషాన్ని హరించే పదార్థం ఉన్నదని చూపారు. ఆ పదార్థమే ప్రతిరక్షకం. ఒక విషానికి పుట్టిన ప్రతిరక్షకం వేరొక విషానికి పనిచేయదు. ఈ విశిష్టత ఎంత సూక్ష్మమైనదో కొలిచి చూపినవారు కార్ల్ లాండ్‌స్టైనర్. రక్త వర్గాలను కనుగొన్నందుకు 1930లో నోబెల్ పొందిన ఆయనే.

లాండ్‌స్టైనర్ చిన్న చిన్న రసాయన అణువులను మాంసకృత్తులకు అతికించి జంతువులకు ఎక్కించారు. ఆ చిన్న అణువు విడిగా ఇస్తే ప్రతిరక్షకాలు పుట్టవు. పెద్ద మాంసకృత్తు వీపు మీద ఎక్కి వస్తే పుడతాయి. అలాంటి అణువుకు హాప్టెన్ అని పేరు పెట్టారు. పట్టుకొను అనే అర్థమున్న గ్రీకు ధాతువు నుండి వచ్చిన మాట అది. తరువాత ఆయన చూసిన విషయం మన కథకు కీలకం. ప్రతిరక్షకం, ప్రతిజనకం కలిస్తే సాధారణంగా తెల్లని అవక్షేపం పడుతుంది. కాని ముందుగా ఆ ప్రతిరక్షకంలో విడి హాప్టెన్ను ధారాళంగా కలిపితే అవక్షేపం పడలేదు. ప్రతిరక్షకం చేతులు అప్పటికే నిండిపోయాయి. ఇంకేదైనా పట్టుకుందామన్నా చెయ్యి ఖాళీ లేదు. నేటి నిరోధక పెప్టైడు పరీక్షకు ముత్తాత ఈ ప్రయోగమే.

లాండ్‌స్టైనర్ 1920 దశకం మొదట్లో న్యూయార్కులోని రాక్‌ఫెల్లర్ సంస్థకు వచ్చి, 1943లో కన్నుమూసేదాకా అక్కడే పనిచేశారు. ఆ సంస్థ పేరును గుర్తుంచుకోండి.

దారానికి పూసలు గుచ్చిన మెరిఫీల్డ్

మాంసకృత్తు అంటే అమైనో ఆమ్లాల హారం. పది ఇరవై పూసల చిన్న హారమైతే పెప్టైడు అంటారు. పెప్టైడును చేతితో తయారుచేయడం ఒకప్పుడు ప్రాణసంకటంగా ఉండేది. ఒక్కొక్క పూస చేర్చిన తరువాత ఫలితాన్ని శుద్ధిచేసి, స్ఫటికాలుగా మార్చి, మళ్ళీ మొదలుపెట్టాలి. ప్రతి మెట్టులోనూ కొంత సరుకు నష్టమవుతుంది. 1953లో విన్సెంట్ దు విన్యో తొమ్మిది పూసల ఆక్సిటోసినును తయారు చేయడమే మహాకార్యంగా పరిగణించారు. 1955లో ఆయనకు నోబెల్ వచ్చింది.

బ్రూస్ మెరిఫీల్డ్ ఈ పనికి సులువు కనిపెట్టారు. మొదటి పూసను కరగని ప్లాస్టిక్ గుళికకు అతికించారు. ఇక పూసలు చేర్చిన ప్రతిసారీ మిగులు రసాయనాలను కడిగి పారబోస్తే చాలు. హారం గుళికను అంటిపెట్టుకొనే ఉంటుంది. చివర ఒక్కసారి తెంచి తీసుకుంటే సరి. దీనిని ఆయన ఒంటరి రచయితగా 1963లో ప్రకటించారు. 1984లో నోబెల్ పొందారు. ఆయన పనిచేసినదీ రాక్‌ఫెల్లర్ సంస్థలోనే. ద దువ్ ఆటోఫజీ అన్న మాట పుట్టించినదీ ఆ 1963లోనే. అప్పటికి ద దువ్ లూవానుతోపాటు రాక్‌ఫెల్లర్లోనూ ఆచార్య పదవిలో ఉన్నారు. ప్రతిరక్షకం నిర్మాణాన్ని విప్పిచెప్పి 1972లో నోబెల్ పొందిన జెరాల్డ్ ఎడెల్మన్ కూడా అక్కడివారే. ఎడెల్మన్ దగ్గర 1974 నుండి 1977 దాకా పరిశోధన చేసిన యువకుడే తరువాతి కాలపు ఓసుమి. ఒక ఆవరణలో వేర్వేరు గదులలో పుట్టిన పనులు దశాబ్దాల తరువాత ఒకే పరీక్షలో కలిశాయి. ఎవరూ అలా కలపాలని అనుకొని చేసినది కాదు.

పెప్టైడు తయారీ సులువైన తరువాత 1980 ప్రాంతాల్లో రిచర్డ్ లెర్నర్ మొదలైనవారు ఒక సంగతి చూపారు. మాంసకృత్తు మొత్తం చేతిలో లేకపోయినా, దాని జన్యువు వరుస తెలిస్తే చాలు. ఆ వరుసలో ఒక చిన్న తునకను కృత్రిమంగా తయారుచేసి, ఒక పెద్ద మాంసకృత్తుకు అతికించి కుందేలుకు ఎక్కిస్తే, అసలు మాంసకృత్తును పట్టుకొనే ప్రతిరక్షకం పుడుతుంది. లాండ్‌స్టైనర్ హాప్టెనుకు చేసినదే ఇక్కడ పెప్టైడుకు చేశారు. దీనితో కావలసిన ప్రతిరక్షకాన్ని దర్జీవద్ద చొక్కా కుట్టించుకున్నట్టు పురమాయించుకొనే రోజులు వచ్చాయి. అమ్మే సంస్థలు ప్రతిరక్షకంతోపాటు దానిని పుట్టించిన పెప్టైడును కూడా మరో చిన్న సీసాలో అమ్మసాగాయి. తాళంతోపాటు తాళంచెవి ఇచ్చినట్టు.

పరీక్ష జరిగే తీరు

కణాలను ద్రవంగా చేసి, అందులోని మాంసకృత్తులను జిగురు పలకలో విద్యుత్తుతో నడిపిస్తారు. చిన్నవి ముందుకు పోతాయి, పెద్దవి వెనుకబడతాయి. ఆ వరుసను యథాతథంగా ఒక పలుచని పొరమీదికి ఎక్కిస్తారు. ఈ ఎక్కించే విధానాన్ని 1979లో టౌబిన్ బృందం ప్రకటించింది. తరువాత దీనికి వెస్టర్న్ బ్లాట్ అన్న పేరు స్థిరపడింది. ఇదొక శబ్ద వినోదం. డీ.ఎన్.ఏ.కు ఇలాంటి పద్ధతిని 1975లో కనిపెట్టినవారు ఎడ్విన్ సదరన్. అది ఆయన ఇంటిపేరు. దక్షిణం అన్న అర్థం ఉన్నది కదా అని తరువాతివారు మిగిలిన దిక్కులను పంచుకున్నారు!

ఆ పొరను ప్రతిరక్షకంలో తడిపితే అది తన మాంసకృత్తు ఉన్న చోట అతుక్కుంటుంది. దానిని పట్టే రెండవ ప్రతిరక్షకానికి కాంతినిచ్చే ఎంజైమును తగిలించి చూస్తే ఒక చార కనిపిస్తుంది. నిరోధక పరీక్షకు ఒకే సరుకుతో రెండు పొరలు సిద్ధం చేస్తారు. ఒకదానికి మామూలు ప్రతిరక్షకం, రెండవదానికి పెప్టైడు కలిపి నానబెట్టిన ప్రతిరక్షకం. ప్రతిరక్షకం మోతాదు రెండింటిలోనూ ఒక్కటే ఉండాలి. సంబంధం లేని వేరొక పెప్టైడు కలిపిన మూడవ పొర కూడా ఉంటే మరీ మంచిది. ఏ పెప్టైడు కలిపినా చార మసకబారితే ఆ ఫలితానికి అర్థం లేదు.

పెప్టైడు బరువులో ప్రతిరక్షకానికి అయిదు రెట్లు కలిపారనుకుందాం. వినడానికి ఇది కొద్దిపాటి హెచ్చుగానే తోస్తుంది. కాని ప్రతిరక్షక అణువు బరువు సుమారు 1,50,000 డాల్టనులు. 15 పూసల పెప్టైడు బరువు సుమారు 1,650. లెక్క వేస్తే ఒక్కొక్క ప్రతిరక్షకానికి 450 పెప్టైడులు వస్తాయి. దానికున్న రెండు చేతులకు చెరి 225. కనుక చేతులు నిండక తప్పదు. గట్టిగా పట్టుకొనేదేదైనా, మెత్తగా పట్టుకొనేదేదైనా, ఆ చేతితో పట్టుకొనేదంతా ఆగిపోతుంది. ఈ చివరి వాక్యంలోనే మొత్తం చిక్కు ఉన్నది.

రెండు చారల ఎల్‌సీ3

స్వభక్షణలో అందరూ చూసే గుర్తు ఎల్‌సీ3 అనే మాంసకృత్తు. 2000 సంవత్సరంలో కబెయా, మిజుషిమా, ఓసుమి, యోషిమోరి ప్రభృతులు దీని సంగతి తేల్చారు. ఇది మొదట ద్రవంలో స్వేచ్ఛగా తిరుగుతుంది. దానిని ఎల్‌సీ3-1 అంటారు. స్వభక్షణ మొదలైనప్పుడు దీని చివరకు ఒక కొవ్వు అణువు తగిలి, సంచి పొరకు అతుక్కుంటుంది. అది ఎల్‌సీ3-2. కొవ్వు చేరింది కనుక బరువెక్కి వెనుకబడాలి. విచిత్రంగా అదే ముందు పరుగెత్తుతుంది. మొదటిది 18, రెండవది 16 కిలోడాల్టనుల చోట కనిపిస్తాయి. రెండవ చార ఎంత చిక్కగా ఉంటే అన్ని స్వభక్షణ సంచులు ఉన్నట్టు లెక్క.

ఇప్పుడు నిరోధక పెప్టైడును తెద్దాం. ఎల్‌సీ3 ప్రతిరక్షకాలలో చాలా వాటిని దాని మొదటి కొసలోని తునకతో పుట్టించారు. ఆ తునక ఎల్‌సీ3-1లోనూ ఉన్నది, ఎల్‌సీ3-2లోనూ ఉన్నది. పెప్టైడు కలిపితే రెండు చారలూ మాయమవుతాయి. ఏది కొవ్వు తగిలినది, ఏది తగలనిది అని ఆ పరీక్ష చెప్పదు. పైగా మనుషులలో ఎల్‌సీ3కి ఏ, బీ, సీ అని సోదరులు, గాబరాప్ అనే దాయాదులు ఉన్నారు. ఏ, బీలకు పోలిక మరీ దగ్గర. బీ కోసం తయారుచేసిన ప్రతిరక్షకం ఏని కూడా పట్టుకుంటే, పెప్టైడు ఆ రెంటినీ ఒకే రీతిగా ఆపుతుంది. ఈ ఇంటివారిలో ఎవరు పలికారో దానివల్ల తెలియదు.

మరి ఎలా తెలిసింది? జన్యువులను తొలగించి చూసినందువలన తెలిసింది. అట్గ్5 అనే జన్యువు లేని ఎలుక కణాలను మిజుషిమా బృందం 2001లో పరిశీలించింది. ఆ కణాలలో ఎల్‌సీ3-1 ఉంటుంది, ఎల్‌సీ3-2 మాత్రం ఏర్పడదు. కనుక ముందు పరుగెత్తే చార కొవ్వు తగిలిన రూపమేనని రుజువైనది. ఆపై లైసోజోమును పనిచేయనీయని బాఫిలోమైసిన్ కలిపితే ఎల్‌సీ3-2 అరగక పేరుకుంటుంది. తోడేది ఆగితే గుంటలో నీరు పెరిగినట్టు. ఇలాంటి నియమాలన్నింటినీ కూర్చి డేనియల్ క్లియాన్‌స్కీ సారథ్యంలో 2008లో మార్గదర్శకాలు వెలువడినాయి. 2012, 2016, 2021లలో వాటిని పెంచి మళ్ళీ ప్రచురించారు. ఒక్క పరీక్షను నమ్మి తీర్పు చెప్పవద్దన్నదే వాటి సారాంశం.

పరీక్షకే పరీక్ష

నిరోధక పరీక్ష ఎంత మోసగించగలదో చూపే ఉదాహరణ పక్క రంగంలో ఉన్నది. ఎరిత్రోపోయెటిన్ ఎర్ర రక్తకణాలను పెంచే హార్మోను. క్యాన్సరు చికిత్సలో రక్తం తగ్గినవారికి దీనిని మందుగా ఇస్తారు. 2003లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం ఈ మందు తీసుకున్న తల, మెడ క్యాన్సరు రోగులలో వ్యాధి అదుపు తగ్గినదని చెప్పింది. క్యాన్సరు కణాల మీదనే ఈ హార్మోనుకు గ్రాహకాలు ఉన్నాయా, మందు పేరుతో వ్యాధికే ఎరువు వేస్తున్నామా అన్న భయం బయలుదేరింది. అంగడిలో దొరికే ప్రతిరక్షకాలతో కణితులను పరీక్షించి, గ్రాహకం ఉన్నదని అనేక వ్యాసాలు వచ్చాయి.

2006లో బ్లడ్ పత్రికలో ఇలియట్ బృందం ఆ ప్రతిరక్షకాలనే పరీక్షించింది. వారు ఆ మందును తయారుచేసే సంస్థవారే అన్న మాట కూడా ఇక్కడ చెప్పడం న్యాయం. అసలు గ్రాహకం చార సుమారు 59 కిలోడాల్టనుల దగ్గర ఉండాలి. ఎక్కువమంది వాడిన ఒక ప్రతిరక్షకం మాత్రం 66 దగ్గర చిక్కని చార చూపుతున్నది. ఆ చారలోని సరుకును తీసి చూస్తే, అది వేడికి కణాన్ని కాపాడే హెచ్‌ఎస్‌పీ70 కుటుంబానికి చెందిన మాంసకృత్తు. గ్రాహకానికీ దానికీ ఒక చిన్న వరుసలో పోలిక ఉన్నది. కనుక పెప్టైడు కలిపితే ఆ తప్పు చార కూడా చక్కగా మాయమైనది!

తాళంచెవి పోలిక ఇక్కడ పనికివస్తుంది. ఒక చెవి రెండిళ్ళ తాళాలకు పట్టినదనుకోండి. ఆ చెవిని దాచివేస్తే రెండిళ్ళూ తెరుచుకోవు. చెవి లేనప్పుడు తలుపు తెరుచుకోలేదు కనుక ఇది మా ఇల్లే అనడం ఎంత సబబో, పెప్టైడు కలిపితే చార మాయమైనది కనుక ఇది మా మాంసకృత్తే అనడమూ అంతే సబబు.

ఈ సంగతిని అంతకుముందే హెచ్చరించినవారు లేకపోలేదు. 2003లో క్లిఫర్డ్ సేపర్, పాల్ సాచెంకో నాడీశాస్త్ర పత్రికలో మాయ పెప్టైడులు, మాయ ప్రతిరక్షకాలు అన్న అర్థం వచ్చే శీర్షికతో సంపాదకీయం రాశారు. 2012లో నార్వేకు చెందిన హోల్మ్‌సెత్, డాన్‌బోల్ట్ ప్రభృతులు ఈ పరీక్ష తప్పుదారి పట్టించగలదని ప్రయోగ పూర్వకంగా చూపారు. అయినా ఆ చిన్న సీసా కొనడం తేలిక, ఒక్క పూటలో పరీక్ష అయిపోతుంది, చిత్రంలో చార మాయమవడం కంటికి ఇంపుగా ఉంటుంది. అలవాటు అంత సులువుగా పోలేదు.

సపక్షం, విపక్షం

ఇప్పుడు మన ఇంటి మాట. పదిహేడవ శతాబ్దపు ఆంధ్రుడు అన్నంభట్టు రచించిన తర్కసంగ్రహం తర్కం నేర్చుకొనే విద్యార్థులకు నేటికీ మొదటి పాఠ్యగ్రంథం. కొండమీద పొగ ఉన్నది కనుక నిప్పు ఉన్నది అన్న అనుమానం అందరూ ఎరిగినదే. దీనిలో కొండ పక్షం. నిప్పు ఉన్నదని ముందే తెలిసిన వంటిల్లు సపక్షం. నిప్పు లేదని నిశ్చయంగా తెలిసిన మడుగు విపక్షం. హేతువు సపక్షంలో ఉండాలి, విపక్షంలో ఉండకూడదు. విపక్షంలోనూ కనిపించే హేతువును సవ్యభిచారమన్నారు. అది హేతువు కాదు, హేత్వాభాసం.

ఈ చట్రంలో మన పరీక్షను నిలబెట్టి చూద్దాం. పక్షం, పొరమీద కనిపించిన చార. సాధ్యం, అది ఎల్‌సీ3 అన్న మాట. హేతువు, పెప్టైడు కలిపితే మాయమవడం. వంటిల్లు ఏది? ఎల్‌సీ3ని కావాలని ఎక్కువగా తయారుచేయించిన కణం. మడుగు ఏది? ఎల్‌సీ3 జన్యువే లేని కణం. నిరోధక పరీక్ష చేసినవాడు మడుగు దాకా వెళ్ళనేలేదు. కొండ ముందు నిలుచుని, కళ్ళు మూసుకుంటే పొగ కనిపించలేదు, తెరిస్తే కనిపించింది అంటున్నాడు. దానివల్ల చూసినది కంటితోనే అని తెలిసింది. పొగా, మంచా అన్నది తెలియలేదు. హెచ్‌ఎస్‌పీ70 కథలో హేతువు మడుగులోనూ కనిపించింది. సవ్యభిచారానికి ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకదు.

అలాగని ఆ పరీక్షను పారవేయవలసిన పని లేదు. అది మరో ప్రశ్నకు సరైన జవాబు చెబుతుంది. చార ప్రతిరక్షకం చేతి పట్టువల్ల వచ్చినదా, లేక దాని తోక ఎక్కడో జిగటగా అంటుకున్నందువల్ల వచ్చినదా అన్నదే ఆ ప్రశ్న. పెప్టైడు కలిపినా పోని చారను నిస్సందేహంగా తోసిపుచ్చవచ్చు. పోయిన చారను మాత్రం నిస్సందేహంగా అంగీకరించరాదు. అంటే ఖండనకు ఇది బలమైనది, స్థాపనకు బలహీనమైనది. మరొక చోటకూడా ఇది చాలా ఉపయోగం. 2011లో కున్‌లియాంగ్ గ్వాన్ బృందం ఎలుక యూఎల్‌కే1 మాంసకృత్తులో 757వ స్థానంలోని సెరీనుకు ఫాస్ఫేటు తగిలితే స్వభక్షణ అణగుతుందని చూపింది. ఇలాంటి ఫాస్ఫేటు గుర్తును పట్టే ప్రతిరక్షకానికి ఫాస్ఫేటు ఉన్న పెప్టైడు, లేని పెప్టైడు రెండూ విడివిడిగా కలిపి చూస్తారు. మొదటిది ఆపి రెండవది ఆపకపోతే, ఆ ప్రతిరక్షకం ఫాస్ఫేటును గుర్తిస్తున్నదని తెలుస్తుంది. అక్షరం మీది సున్న ఉన్నదా లేదా చూసే పని అది. ఆ అక్షరం ఏ పుస్తకంలోదో చెప్పే పని కాదు.

మడుగును తవ్వుకున్న రోజులు

పూర్వులు ఈ పరీక్షను ఎందుకు అంతగా ఆశ్రయించారో కూడా చెప్పాలి. వారికి మడుగు అందుబాటులో లేదు. ఎలుకలో ఒక జన్యువును తొలగించడానికి నెలలు, ఏళ్ళు పట్టేది. మనిషి కణాలలో మరీ కష్టం. 2001 తరువాత చిన్న ఆర్.ఎన్.ఏ. ముక్కలతో జన్యువు నోరు కొంత నొక్కే ఉపాయం మనిషి కణాలకు వచ్చింది. 2012లో జెన్నిఫర్ డౌడ్నా, ఎమాన్యుయెల్ షార్పాంటియే ప్రకటించిన క్రిస్పర్ కత్తెరతో కథ మారిపోయింది. దీనికి 2020లో నోబెల్ వచ్చింది. 2016లో మైకేల్ లజారూ బృందం ఎల్‌సీ3, గాబరాప్ కుటుంబంలోని ఆరుగురినీ తొలగించిన మనిషి కణాలను తయారుచేసి చూపింది. స్వభక్షణ ప్రతిరక్షకాలకు ఇంతకంటె నిర్మలమైన మడుగు ఉండబోదు. అందులో చార కనిపిస్తే అది ఎల్‌సీ3 కాదని ఒక్క మాటలో తేలుతుంది.

2015లో నేచర్ పత్రికలో బ్రాడ్‌బరీ, ప్లుక్‌థున్, వారితో ఏకీభవించిన శాస్త్రజ్ఞులు పనికిరాని ప్రతిరక్షకాలపై ప్రపంచంలో ఏటా 80 కోట్ల డాలర్లు వృథా అవుతున్నాయని అంచనా వేశారు. 2016లో మథియాస్ ఊలేన్ మొదలైనవారు ప్రతిరక్షకాన్ని నిర్ధారించడానికి అయిదు స్తంభాలను ప్రతిపాదించారు. జన్యువును తొలగించి చూడడం, ప్రతిరక్షకం అవసరం లేని వేరొక కొలతతో పోల్చడం, రెండవ స్వతంత్ర ప్రతిరక్షకంతో సరిచూడడం, గుర్తు తగిలించిన మాంసకృత్తుతో సరిచూడడం, పట్టుబడినదానిని ద్రవ్యరాశి కొలిచి గుర్తించడం. నిరోధక పెప్టైడు ఆ అయిదింటిలో లేదు.

2023లో వైకారోస్ అనే సహకార బృందం 65 మాంసకృత్తులకు అంగడిలో ఉన్న 614 ప్రతిరక్షకాలను జన్యువు తొలగించిన కణాలతో సరిచూసిన ఫలితాలను ప్రకటించింది. తన మాంసకృత్తును గుర్తించలేని ప్రతిరక్షకంతో చేసిన ప్రయోగాలున్న వ్యాసాలు ఒక్కొక్క మాంసకృత్తుకు సగటున 12 దాకా ఉన్నాయని వారు తేల్చారు. ఆ ఫలితాలు చూసి అమ్మే సంస్థలు కొన్నిటిని అంగడి నుండి తీసివేశాయి, కొన్నిటికి వాడుక సూచనలు మార్చాయి. ఇది మెచ్చదగిన విషయం.

ఆ పన్నెండు వ్యాసాల వెనుక ఎవరున్నారు? రాత్రుళ్ళు ప్రయోగశాలలో కూర్చున్న పరిశోధక విద్యార్థులు ఉన్నారు. ఆ వ్యాసాలను నమ్మి తమ ప్రశ్నను నిర్మించుకున్న మరికొందరు ఉన్నారు. నాడీ క్షయ రోగాలలో, క్యాన్సరులో స్వభక్షణను పెంచాలా తగ్గించాలా అని ఎదురుచూస్తున్న రోగులు ఉన్నారు. చార ఒక్కటి తప్పైతే వీరందరి కాలం ఖర్చవుతుంది. కాలం ఖర్చైనదని వారికి చెప్పేవారు కూడా ఉండరు.

మన పిల్లలు ఎందరో నేడు హైదరాబాదు మొదలుకొని అమెరికా దాకా ఇలాంటి ప్రయోగశాలల్లో పనిచేస్తున్నారు. వారిలో ఎవరైనా ఈ పుట చూడడం తటస్థిస్తే, ఈ ముసలి పంతులు చెప్పేది ఒక్కటే. పెప్టైడు సీసా చేతిలోకి తీసుకొనే ముందు, ఇది ఏ ప్రశ్నకు జవాబు చెబుతుందో ఒక కాగితం మీద తెలుగులో ఒక్క వాక్యం రాసుకోండి. ఆ వాక్యం మీరు వ్యాసంలో రాయబోయే వాక్యంతో సరిపోలకపోతే, మడుగు దాకా వెళ్ళి రండి.

స్వస్తి.